వేలు నొప్పెట్టని కత్తి

మొన్న సూపర్‌మార్కెట్లో మా కోడలు బుట్టలో వేసిన కూరగాయల కత్తి చూసి నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. పిడి దగ్గర కత్తి వెన్ను పలకలా వెడల్పుగా వంచి ఉంది, చూపుడువేలు ఆనించుకోవడానికి. "ఇది బాగుంటుందత్తయ్యా, ఎంత తరిగినా వేలు నొప్పెట్టదు" అంది. ఆ సంగతి నాకు తెలియకపోవడమేమిటి? దాన్ని లోకానికి చాటింది నేనే. అలా చాటి ఒక మంచి మనిషి నోట్లో మట్టి కొట్టిందీ నేనే.

తొంభైల్లో మావారి ఉద్యోగం కోసం కోస్తా నుంచి హైదరాబాదు వచ్చి శాలిబండలో ఒక మేడమీద అద్దెకి దిగాం. కింద కత్తుల దుకాణం. దాని యజమానిని నేను అన్నా అనేదాన్ని. బళ్లో తెలుగు చెప్పేదాన్ని గనక ఆయన నన్ను టీచరమ్మా అనేవాడు. పొద్దున్నే సానరాయి గీపెట్టేది, కాలిన ఇనుము వాసన మా పప్పుచారులోకి కూడా వచ్చేది. ఆయన భార్య, మా వదిన, పెళ్లివంటలకు ఉల్లిపాయలు తరిగేది. బస్తాలకు బస్తాలు తరిగి చూపుడువేలు కాయకాసి, చీలి, అన్నం కలుపుకోవడానికి కూడా ఇబ్బంది పడేది. ఆ వేలి కోసం అన్న రెండేళ్లు తంటాలు పడ్డాడు. కత్తి వెన్ను వంచితే విరిగేది, విరగనిది బరువయ్యేది. చివరికి కుదిరినవి రెండే కత్తులు. ఒకటి వదినకిచ్చాడు, ఒకటి నాకిచ్చాడు. "ఇంక యాభై జేసి ఒక్కసారే బేగంబజార్ల దించుత టీచరమ్మా. మస్తు నడుస్తది సూడుండ్రి" అన్నాడు.

నాకసలే రాత పిచ్చి. ఆ కత్తి మీద ఒక పత్రిక ఆదివారం అనుబంధానికి వ్యాసం రాసి పంపాను. ఎక్కడ వంచాడు, ఎంత వంచాడు, ఎందుకు వంచాడు, అన్నీ పాఠం చెప్పినట్టు రాశాను. ఫోటో కోసం అన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, కత్తిని పసిబిడ్డని చూపినట్టు ఎత్తి పట్టుకున్నాడు. అచ్చయిన రోజు నేను ఎనిమిది ప్రతులు కొంటే, "మిగతా హైదరాబాదుకి పేపరు దొరుకుతుందా?" అన్నారు మావారు. అన్న ఒకటి పటం కట్టించి దుకాణంలో వేలాడదీశాడు.

మూడు నెలలు తిరక్కుండానే అదే కత్తి, మిషన్ మీద చేసిన స్టీలుది, బేగంబజార్లో గుట్టలుగా దిగింది. అన్న చేతి కత్తులు అప్పటికి ముప్పయ్యి కూడా పూర్తికాలేదు. పేటెంటు తీసుకుంటే వాళ్లని ఆపొచ్చని ఎవరో చెప్పారట. పటం గోడమీంచి దించి తువ్వాల్లో చుట్టి, నన్ను వెంటబెట్టుకుని వకీలు దగ్గరికి బయల్దేరాడు. గట్టి సాక్ష్యం ఉందని ఇద్దరికీ ధీమా.

వకీలు వ్యాసం మొత్తం చదివి కళ్లజోడు తీశాడు. "పనిచేసే తీరు కొత్తదైతే పేటెంటు, ఆకారం కొత్తదైతే డిజైను రిజిస్ట్రేషను. ఏదైనా సరే, లోకం చూడకముందే దరఖాస్తు పెట్టాలి. దీన్ని ఊరంతా చదివేసింది. ఇక ఎవరైనా చేసుకోవచ్చు."

"పేపర్ల నా పేరే ఉన్నది గద సార్. ఫోటో గూడ నాదే."

"ఉంది. అందుకే ఇప్పుడు రాదు."

అన్న నా వైపు తిరిగాడు. చదువుకున్న మనిషిని, ఏదో ఒకటి అడుగుతాననుకున్నాడు కాబోలు. నేను పటాన్ని మళ్లీ తువ్వాల్లో చుట్టసాగాను.

ఆ తర్వాత ఆయనకి సానపట్టే పనే మిగిలింది. మిషన్ కత్తుల పదును వారం నిలవదు, జనం వాటినే ఆయన దగ్గరికి తెచ్చేవారు. పదును పెట్టి ఇస్తూ ప్రతి ఆడమనిషినీ అడిగేవాడు, "వేలైతే నొస్తలేదు గదమ్మా?" అని. ఆ మాట పైకి వినిపించినప్పుడల్లా నేను రేడియో గొంతు పెంచేదాన్ని. రెండువేల సంవత్సరం దాటాక మేం ఇల్లు మారాం. సామాను ఎక్కిస్తున్న రోజు ఉండబట్టలేక, "అంతా నావల్లే అన్నా" అన్నాను. "మీరు మంచికే రాసిన్రు టీచరమ్మా, ఫికర్ జేయకుండ్రి" అన్నాడు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

వ్యాసం వేసుకుంటున్నామని పత్రికవాళ్లు వారం ముందే కార్డు రాశారు. ఆ వారంలో ఏ రోజు దరఖాస్తు పెట్టినా సరిపోయేదట. నేనేమో ఆదివారం ఎప్పుడొస్తుందా అని రోజులు తోసుకుంటూ కూర్చున్నాను. ఆ తర్వాత ఇన్నేళ్లూ ఇట్టే గడిచిపోయాయి. ఆ వారం మాత్రం నాకింకా గడవలేదు.