కాపలా పెట్టినంక తెగిన లైను

2023 ఎండాకాలం. సూర్యాపేట నుంచి తిరుమలగిరి దిక్కు ఊర్లకు ఇంటర్నెట్ లైన్లు గుంజుడు, తెగినవి అతికిచ్చుడు నా పని. ఎనిమిదో తరగతిల బడికీ నాకూ కనెక్షన్ తెగింది. దాన్ని అతికిచ్చేటోడు దొరకలే గానీ, ఊరోళ్లవి మాత్రం నేను అతికిస్తనే ఉన్న.

తిరుమలగిరి అవతల ఒక ఊర్ల సైదులు కాక ఇల్లు. మేకలు, గొర్లే ఆయన ఆస్తి. కొడుకు మిర్యాలగూడల రైసుమిల్లు లారీ నడుపుతడు. కోడలు శిరీషది కోదాడ. చంటిపిల్లను పెట్టుకొని, హైదరాబాదుల ఒక ఆఫీసుకు ఇంటి నుంచే ఫోన్లు ఎత్తే నౌకరి పట్టింది. లారీ సీటును లెక్కలకు తీసుకోకుంటే, ఆ ఇంట్ల కుర్చీల కూసొని చేసే పని దొరికిన మొదటి మనిషి ఆమెనే.

కానీ లైను నిలుస్తలేదు. మొదటిసారి కోతులు కొరికినయి, గది నిజం. పోయి స్ప్లైసింగ్ చేసిన. అంటే వెంట్రుకంత సన్నటి గాజు తీగెను మిషన్ల పెట్టి, రెండు కొసలు కరిగిచ్చి కలుపుడు. వారం తిరగకముందే మళ్ల తెగింది. అవే కోతులనుకొని కలిపిన. మళ్ల తెగింది. ఈ తాప శిరీష ఫోన్ల గొంతు సన్నబడింది.

"అన్నా, డ్యూటీలో ఉండగా ఇంకోసారి లైను పోతే ఇంటి నుంచి పని కుదరదన్నారు మా మేడం. హైదరాబాద్ వచ్చి చెయ్యాలంట. ఈ పిల్లను తీసుకుని ఎక్కడికి వెళ్లనన్నా?"

"నువ్వు మధ్యాహ్నం డ్యూటీ ఎక్కేలోపు వస్త చెల్లె" అన్న.

పోయేసరికి ఇంట్ల ఇంటర్నెట్ డబ్బా మీద ఎర్రలైటు. ఓటీడీఆర్ పెట్టిన. లైనులకు వెలుతురు పంపి, అది ఎంత దూరంల ఆగిందో చూపే మిషన్. ఇంటెనక తుమ్మ చెట్టు కాడనే ఆగిందన్నది.

చెట్టు కింద సైదులు కాక, చుట్టూ మేకలు, చేతిల పొడుగు కట్టెకు కట్టిన కొడవలి. నన్ను చూడంగనే అందుకున్నడు.

"ఏం లైను వేసినవ్ పిలగా, పెండ్లి పందిరికి కట్టిన రంగు కాగితాల లెక్క తెగుతది."

"మీ ఊరి కోతులకు నా లైనే రుచి తగిలింది కాక."

"ఏ కోతీ రాలే. మొదటిసారి తెగిన కాడికెల్లి నేనే కాపలా. మేకలను గూడ గీడికే తోలుకొచ్చిన. పొద్దుగాల కూసుంటే పొద్దుమూకే దాంక లేస్తలేను."

"మరి మేకలేం తింటున్నయ్?"

"గీ తుమ్మ మండలే కొట్టి వేస్తున్న. ఎండాకాలంల పచ్చగ ఇంకేమున్నది?"

నిచ్చెన వేసి ఎక్కిన. కోతి కొరికితే తీగె నమిలినట్టు ఉంటది. ట్రాక్టర్ గుంజితే సాగి తెగుతది. ఇది ఏటవాలుగ, నున్నగ తెగింది. పక్కనున్న కొమ్మ గూడ అచ్చం గట్లనే. మండ కింద పడంగనే మేకలు ఎగబడుతయి, మనిషి చూపు వాటి మీదికే పోతది. పైన ఆకుల సందున నల్లతీగె తెగి వేలాడేది ఎవనికి కానొస్తది?

"కాక, మీ కోతులు కొడవలి పట్టుడు ఎప్పుడు నేర్చినయి?"

కాక నవ్వబోయి ఆగిండు. కొడవలి దిక్కు చూసిండు, కొమ్మ దిక్కు చూసిండు. కట్టెను మెల్లగ గోడకు ఆనిచ్చిండు.

"కోడలి నౌకరికి కావలి ఉన్ననుకుంటి. నేనే కోస్తున్ననా?"

పిల్లను ఎత్తుకొని గడపల నిలబడ్డ శిరీష అంతా విన్నది. ఏమంటదో అని నాకు బుగులైంది.

"మామయ్యా, మీకు పుణ్యముంటుంది, రేపటి నుంచి కాపలా కాయకండి. నా ఉద్యోగం నిలబడుతుంది" అన్నది. అని తనే ముందు నవ్వింది. అప్పుడు గానీ కాక ముఖంల కళ రాలే.

రెండు కొసలు కలిపిన. ఎర్రలైటు ఆరి పచ్చది వెలిగింది. ఆమె హెడ్‌ఫోన్ తగిలిచ్చుకొని తలుపు దగ్గరికేసుకున్నది. కాక నన్ను పక్కకు గుంజిండు.

"మేకలను పస్తు పెట్టలేను, చెట్టును కొట్టెయ్యలేను. ఏదన్న ఉపాయం చెప్పు."

"లైనును భూమిల పండవెడుదం. పైపు కావాలె."

కాక కొట్టం ఎనకకు పోయి, నల్ల పైపు చుట్ట దొర్లిచ్చుకుంట వచ్చిండు. నీళ్లు పడని బోరు కోసం తెచ్చిందట. తెల్లారి నేను పోయేసరికి, మేకలను గూడ ఇప్పకముందే గడ్డపార పట్టిండు. నేను లైనును పైపుల దూర్చి గుంజిన, ఆయన మన్ను కప్పిండు. కప్పినంక దాని మీద మేకలనే కాదు, నన్ను గూడ అడుగు పెట్టనియ్యలే.

వానలు మొదలైనంక శిరీష నంబరు మోగింది. మళ్ల తెగిందనుకొని పనిముట్ల సంచి చేతికి తీసుకున్న.

"లైను బాగుందన్నా. నన్ను పర్మినెంట్ చేశారు, ఇంటి నుంచే చేసుకోమన్నారు."

ఎనకనుంచి కాక గొంతు: "పైపు నాదని గూడ చెప్పమ్మా."

ఇప్పుడు కొత్త కనెక్షన్ ఇయ్యబోతే, డబ్బా ఏడ పెట్టాల్నో తర్వాత అడుగుత. ముందు ఇంటి చుట్టూ తిరిగి మేకలు ఏడ మేస్తయి, మండలు ఎవరు కొడుతరు అని అడుగుత. కోతులకు భయపడి లైను ఎత్తుల కడుతం గానీ, ఆ ఇల్లు మంచిగుండాల్నని కోరుకునేటోని చెయ్యి ఎంత ఎత్తుకు అందుతదో గూడ చూసుకోవాలె.