జెలూల్ నోట మొదటి నూనె

“జెలూల్‌కి నాలుక ఉన్నది కబుర్లు చెప్పడానికే. నూనె రుచి వాడికేం తెలుసు? మా చెల్లెల్ని చేసుకున్నాడు కాబట్టి గానుగలో కాలుపెట్టాడు,” అన్నాడు ఖ్మయిస్, స్ఫాక్స్ పట్నం ఆసుపత్రిలో మంచం మీద దిండుకు ఆనుకుని.

చూడటానికి వచ్చిన పొరుగింటి సాల్హా కుర్చీ దగ్గరికి జరుపుకుంది. “కడుపెలా ఉంది బాబాయ్?”

“మెత్తబడింది. మొన్న కొడితే డోలులా మోగేది.”

ఆలివ్ గానుగకు ముప్పై ఏళ్లుగా ఆయనే మేస్త్రీ. ఏటా మొదటి నూనెలో రొట్టెముక్క ముంచి ఆయన నోట్లో వేసుకుని తలాడించేదాకా పనివాళ్లెవరూ జాడీ ముట్టరు. ఈసారి గానుగ తిరిగేది రేపే.

కొన్నాళ్లుగా ఆయనకు విరేచనం కావడం లేదు. మా నూనెకు కదలని పేగు లేదంటూ రోజూ పొద్దున్నే గ్లాసెడు తాగాడు. కడుపు ఉబ్బి, వాంతులు పట్టుకున్నాక భార్య జకియా అంబులెన్సు ఎక్కించింది. పెద్దపేగులో గడ్డ దారి మూసేసింది. ఇంట్లో దాని పేరెత్తరు, ‘ఆ రోగం’ అంటారు. డాక్టరమ్మ అప్పటికప్పుడు వెనకనుంచి గొట్టం పంపి, గడ్డ మధ్యలో సన్నటి తీగల జల్లెడలాంటి స్టెంట్ విప్పింది. ఆ సాయంత్రానికే దారి తెరుచుకుంది. వాపు తగ్గి, ఒంట్లో సత్తువ వచ్చాక ఆపరేషన్ చేసి గడ్డ తీసేస్తారు.

“మళ్లీ నూనె తాగొచ్చా అని డాక్టరమ్మని అడిగా. ‘దారికి అడ్డంగా గోడ లేస్తే నూనె పోసి కరిగిస్తావా పెద్దాయనా’ అంది.”

సూప్ గిన్నెతో వచ్చిన జకియా ఆ మాట విని నవ్వింది. “గానుగ గురించి బెంగ పడకు. జెలూల్ రేపటికి అన్నీ చక్కగా సిద్ధం చేస్తున్నాడు. పనివాళ్లు కూడా మెచ్చుకుంటున్నారు.”

“నీ మొగుణ్ణి నేనా, వాడా?”

“రొట్టె ముట్టొద్దన్నారుగా నిన్ను. రేపు ఎవరో ఒకరు రుచి చూడాలిగా మరి.”

ఖ్మయిస్ సూప్ తాగేసి గోడవైపు తిరిగాడు. జకియా గిన్నె కడగడానికి వెళ్లాక మళ్లీ ఇటు తిరిగాడు.

“నూనె చేదైతే వాణ్ణి నాలుగు తిట్టి ఊరుకుంటా. బావుంటేనే కష్టం సాల్హా. నేను లేకుండా బావుంటే, ఇక నేనెందుకు?”

సాల్హా ఆయన దుప్పటి సర్దింది.

“రేపు నువ్వు గానుగ దగ్గరికెళ్లి నిలబడు,” అన్నాడాయన. “ముక్క నోట్లో వేసుకోగానే వాడి మొహం చూడు. చిట్లిస్తే వెంటనే వచ్చి చెప్పు. బావుంటే మాత్రం, నా ఆపరేషన్ అయ్యేదాకా ఈ గుమ్మం తొక్కకు.”