అల్లుడుగారు తెచ్చిన మండపీత

మా బావ హరిబాబుకి రాజమండ్రి దానవాయిపేటలో ఫోటో స్టూడియో ఉండేది. పెళ్ళిళ్ళ సీజన్లో ఫోటోలు తీసేవాడు. మిగతా ఏడాదంతా ఇంట్లో సముద్రాన్ని పెంచేవాడు. నేనేం పెంచి చెప్పడం లేదు. ముందుగదిలో సోఫా ఉండాల్సిన చోట మంచమంత అద్దాల తొట్టె, దాని నిండా ఉప్పునీళ్ళు, అందులో మద్రాసు నుంచి తెప్పించిన బతికున్న పగడాలు. స్టూడియో లైట్లన్నీ వాటి నెత్తినే. సోఫా వంటింట్లో ఉండేది. మా అక్క వీరవేణి దానిమీద కూర్చుని కూరలు తరిగేది.

ఆ నీళ్ళు ఉప్పాడ నుంచి రావాలి. క్యాన్లు మోసే భాగ్యం బావమరిదినైనందుకు నాకు దక్కింది. "ఏంటండీ ఇందులో?" అని కాకినాడ బస్సు కండక్టరు అడిగితే సముద్రం అని చెప్పడం ఎంత నామోషీయో మీకేం తెలుసు! దానికి మళ్ళీ షరతులు కూడా. గోదావరికి వరదొస్తే సముద్రం పలచబడిపోతుందట, ఆ నెలల్లో తేకూడదట. నాకు ఒళ్ళు మండేది. అయినా తెచ్చేవాణ్ణి, ఎందుకో నాకే తెలీదు.

అసలు తమాషా అంతా అందులోకి పీతల్నీ రొయ్యల్నీ ఎంచడంలో ఉండేది. మన ఊళ్ళో పీత కొనేవాడు ఏం చూస్తాడు? బరువు చూస్తాడు, ముందుకాళ్ళలో కండ చూస్తాడు. బావ తిరగేసి చూసేవాడు. "కూరకి పనికొచ్చే పీత తొట్టెకి పనికిరాదురా. ముందుకాళ్ళు బలంగా ఉన్నాయంటే అది కసాయిదే. గోరంత ఉండాలి, నాచు గీక్కుని తినాలి, పక్కవాడి జోలికి పోకూడదు," అనేవాడు. అలాంటివి ఆయనకి దొరికినవి ఖాళీ గుల్లల్లో కాపురం పెట్టే బుల్లి పీతలు. రొయ్యల్లో అయితే ఎర్రచారలవి రెండు రకాలట, చూడ్డానికి ఒకేలా ఉంటాయట. వీపు గూనిగా ఉన్నది పగడాల్ని కొరుక్కు తింటుంది, వీపు చదునుగా ఉన్నది బుద్ధిమంతురాలు. ఏదొచ్చినా నేరుగా తొట్టెలోకి ప్రవేశం లేదు. ముందు కొన్నాళ్ళు పక్కనున్న టబ్బులో ఉండాలి. ఆ టబ్బు పేరు విడిది. విడిదిలో ఒక నత్తని తోడు పెట్టేవాడు. నత్త క్షేమంగా ఉంటే సంబంధం ఖాయం.

ఇంత చాదస్తంతో తెచ్చుకున్న ఎర్రచారల రొయ్య ఒకటి ఉండేది. అదంటే బావకి ప్రాణం. చేపలు దాని దగ్గరకొచ్చి నిలబడితే ఒళ్ళంతా ఏరి శుభ్రం చేసేది. బావ చెయ్యి పెడితే తెల్లటి మీసాలూపుకుంటూ వచ్చి గోళ్ళు శుభ్రం చేసేది. రోజూ పొద్దున్నే కాఫీకి ముందు బావ దానిచేత గోళ్ళు బాగుచేయించుకోవాల్సిందే. ఇంటికొచ్చినవాళ్ళు మాత్రం "ఇగురు పెడితే ఎలా ఉంటుందండీ?" అని అడిగేవారు. నేనూ అడిగాను, నాలుగుసార్లు.

ఇంత విచారణ చేసే మనిషి కూతురి సంబంధం ఒక్క పూటలో ఖాయం చేశాడు! తొంభై తొమ్మిదిలో మా నాగదుర్గకి ఉప్పాడ నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి దొరబాబు, చీరల వ్యాపారం, మంచి కుటుంబం. ఆస్తి గురించీ అలవాట్ల గురించీ అంతా బాగానే చెప్పారు. కానీ అబ్బాయి నోరు విప్పితే "అవునండి", "లేదండి" తప్ప మూడో మాట లేదు. పెళ్ళయ్యాక బావకి బెంగ పట్టుకుంది. స్టూడియోలో కూర్చుని నన్ను పట్టుకుని, "ఆ అబ్బాయి మంచివాడేనంటావా? మనసులో ఏముందో పైకి తెలీదేంటిరా? తొందరపడ్డానేమో," అనేవాడు. పీతనైతే విడిదిలో పెట్టేవాడివి బావా అని నేను ఏడిపించేవాణ్ణి. ఆయన నవ్వేవాడు కాదు.

అల్లుడు మొదటిసారి నాగదుర్గని తీసుకుని వచ్చాడు, ఓ ఆదివారం పూట. చేతిలో తడి గోనె కప్పిన బకెట్టు. "అమ్మ పంపించిందండి," అని బావకిచ్చాడు. గోనె తీస్తే పళ్ళెమంత మండపీత. ముందుకాళ్ళు నా మణికట్టంత ఉన్నాయి, పురికొసతో కట్టేసి ఉంది. నేనైతే ఉల్లిపాయలు ఎన్ని కావాలో లెక్కేసుకున్నాను.

బావ అక్కని వంటింట్లోకి లాక్కెళ్ళాడు. వెనకాలే నేనూ.

"మీ పీతల సరదా పెళ్ళిలో విన్నట్టున్నారు వియ్యపురాలుగారు. ఎంత అభిమానమో!" అంది అక్క.

"అభిమానమేంటే, అది కసాయిది! తొట్టెలో వేశానంటే సర్వం తినేస్తుంది."

"అల్లుడుగారు తెచ్చింది వద్దంటారా? మొదటిసారి వచ్చిన మనిషి. అమ్మాయి మొహం ఎక్కడ పెట్టుకుంటుంది?"

"పోనీ, విడిదిలో..."

"టబ్బులో పడేస్తే ఇంకా చిన్నతనం."

బావ నా వైపు చూశాడు. నేనూ చేతులెత్తేశాను. అల్లుడి మర్యాద దగ్గర మా వైపు ఎవరి మాటా చెల్లదు. ఆయన ముందుగదిలోకొచ్చి, నవ్వు తెచ్చుకుని, కత్తెరతో పురికొస తెంచి పీతని నీళ్ళలోకి వదిలాడు. దొరబాబు కుర్చీలోంచి సగం లేచాడు. నోరు తెరిచాడు.

"ఏమైనా చెప్పాలా బాబూ?"

"లేదండి," అని కూర్చున్నాడు.

పీత రాతి కిందికి దూరి నిద్రపోయినట్టు ఉండిపోయింది. మేం భోజనాలకి అక్కడే కూర్చున్నాం. పప్పులో నెయ్యి పడుతుండగా తొట్టెలోంచి టక్కుమని వినిపించింది. బుల్లి పీత ఒకటి గుల్లతో సహా నలిగిపోయింది. బావ ముద్ద కలపడం ఆపేశాడు. అల్లుడు విస్తట్లోకి చూస్తున్నాడు. ఇంకోసారి టక్. "కాస్త పప్పు వేయనా బాబూ?" అంది అక్క, ఏమీ విననట్టు.

అప్పుడు వచ్చింది ఎర్రచారల రొయ్య. పారిపోకుండా పీత వైపే వచ్చింది. దానికి తెలిసింది అదే కదా, పెద్ద ప్రాణి కనబడితే వెళ్ళి శుభ్రం చేయడం. మీసాలూపుకుంటూ మెల్లిగా నడుస్తోంది. పీత ముందుకాలు విప్పింది. బావ లేచి నిలబడ్డాడు. తొట్టె వైపు చెయ్యి చాచి, అల్లుణ్ణి చూసి వెనక్కి తీసుకున్నాడు. అల్లుడిముందు అల్లుడి పీతని తప్పుపట్టలేక ఆ మనిషి పడుతున్న యాతన చూస్తే నాకు ఏడుపొచ్చింది.

దభీమని కుర్చీ పడింది. దొరబాబు తొట్టెలో చెయ్యి పెట్టేశాడు. కుడిచెయ్యి ఎంగిలి, అంచేత ఎడమచెయ్యి పెట్టాడు. పీతల్ని వెనకనుంచి పట్టుకోవడం సముద్రం ఒడ్డున పుట్టినవాడికి ఒకరు నేర్పాలా? కానీ అలవాటు లేని చెయ్యి. రొయ్యని పక్కకి తోసేసరికి పీత వేలు పట్టేసింది. నీళ్ళు ఎర్రబడ్డాయి. అతను చెయ్యి పైకి లాగబోయాడు.

"ఒరేయ్, పైకి తీయకురా! నీళ్ళలోనే ఉంచు, అదే వదిలేస్తుంది! కదలకురా నాయనా!" అని బావ అరిచాడు.

మామగారు అల్లుణ్ణి ఒరేయ్ అనడం విని అక్క చేతిలో గరిటె కింద పడేసింది. సబ్బు చెయ్యి సైతం తొట్టె దరికి రానివ్వని మనిషి, రక్తం కారే చేతిని అందులోనే ఉంచమని అల్లుడి భుజాలు పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి పీత వదిలింది. నేను జల్లెడతో దాన్ని బయటికి తీశాను. రొయ్యకి ఒకవైపు మీసం పోయింది, ప్రాణం దక్కింది.

నాగదుర్గ వేలికి గుడ్డ చుడుతుంటే దొరబాబు తల దించుకున్నాడు. "క్షమించండి మావయ్యగారూ. అది కూరకి తెచ్చానండి."

"కూరకా?"

"మీరు నీళ్ళలో వేసేస్తుంటే చెబుదామనుకున్నానండి. వచ్చీ రాగానే కూర వండమని అడిగితే తిండిపోతనుకుంటారని ఊరుకున్నానండి."

"వద్దంటే మీరు చిన్నబుచ్చుకుంటారని నేనూ ఊరుకున్నాను," అన్నాడు బావ. ముందు నాగదుర్గ పక్కున నవ్వింది. తర్వాత ఎవరం ఆగలేకపోయాం.

వేలికి కుట్లు వేయించడానికి దగ్గర్లోని నర్సింగ్ హోముకి తీసుకెళ్ళాం. లోపల డాక్టరు కుడుతుంటే బయట బల్లమీద బావా నేనూ కూర్చున్నాం.

"చూశావా? గొప్పకి కాదు, నన్ను మెప్పించడానికీ కాదు. అంత సిగ్గరి, అది చచ్చిపోతుంటే చూడలేక చెయ్యి పెట్టేశాడు. వేలెడంత లేని ప్రాణికోసం పెట్టాడ్రా," అన్నాడు బావ.

"చూశాను."

"నా పిల్ల గురించి నాకింక బెంగ లేదు," అని, కండువా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశాడు.

ఏడిపించడానికి ఇంతకంటే మంచి అవకాశం నాకు జన్మలో రాదు. అయినా బావకి దగ్గరగా జరిగి కూర్చున్నాను.