ఎర్ర తివాచీ మీద చెరకు గడలు

మేడం పోయారన్న కబురు నాకు క్లినిక్‌లో ఉండగా తెలిసింది. ఫోన్ చేసింది వాళ్ళక్క. "చెల్లి నిద్రలోనే ప్రభువు దగ్గరికెళ్ళిపోయిందమ్మా. నువ్వు రా" అన్నారు. నా ఎదురుగా బల్ల మీద ఒక ముసలాయన మోకాలు పట్టుకుని కూర్చున్నాడు. నేను కళ్ళు తుడుచుకుంటూ ఆ మోకాలే వంచి చాపుతుంటే, "క్యా హువా బేటీ?" అని అడిగాడు. మా టీచర్ పోయారని చెప్పాను. "తో జావో నా, మేరా ఘుట్‌నా కహాఁ భాగ్ రహా హై" అని, వెళ్ళు, నా మోకాలెక్కడికి పారిపోతుంది అన్నాడు పాపం. కానీ వెళ్ళలేదు. పేషెంటును బల్ల మీద వదిలేసి వచ్చానని తెలిస్తే మేడం శవపేటికలోంచి లేచి మరీ తిడతారు. ఆయన్ని పంపించాకే బయల్దేరాను.

మీలో చాలామందికి ఆవిడ తెలీదు. తెలిసుంటే ఎంత బాగుండేదో! రాయ్‌పూర్‌లో నేను చదివిన ఫిజియోథెరపీ కాలేజీలో ఆవిడ పాఠం చెప్పేవారు. నరాలు, కండరాలు, ఎముకల జబ్బుల్లో ఒంటి లోపల ఏం చెడుతుంది, ఎలా చెడుతుంది అన్నది ఆవిడ సబ్జెక్టు. వినగానే ఆవులింత వస్తోంది కదా? మాకూ అలాగే వచ్చింది, మొదటిరోజు ఆవిడ గదిలో అడుగుపెట్టేదాకా. ఆ తర్వాత మధ్యాహ్నం అన్నం తిని కూర్చున్న క్లాసులో కూడా ఒక్కరూ కునుకు తీసిన పాపాన పోలేదు.

వాళ్ళది గుంటూరు వైపు నుంచి నర్సు ఉద్యోగాలకని వచ్చిన క్రైస్తవ కుటుంబం. మాది శ్రీకాకుళం నుంచి వచ్చిన రైల్వే కుటుంబం. క్లాసులో తెలుగుపిల్లని నేనొక్కదాన్నే. నలుగురిలో హిందీలో నన్ను 'ఆప్' అని మన్నించే మనిషి, వరండాలోకి రాగానే 'ఏమే' అనేవారు. ఆ 'ఏమే' కోసం పనేమీ లేకపోయినా వరండాలో తచ్చాడేదాన్ని.

"రోగం పేరు చెప్పకే, కథ చెప్పు" అనేవారు. పేరు ఎవడైనా బట్టీపడతాడట. ఏ పేషెంటు వచ్చినా ఆవిడ అడిగేవి మూడే ప్రశ్నలు. ఎక్కడ చెడింది? ఎందుకు చెడింది? ఇంకే దారి మిగిలింది? మొదటి రెండింటికీ పుస్తకం చూసి జవాబు చెప్పొచ్చు. మూడోదానికి మాత్రం మనిషిని చూడాలి. అందుకే పేషెంటును ముట్టుకునే ముందు వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు నడిపించేవారు. మేమంతా గోడకానుకుని చూడాలి, నోరెత్తకూడదు.

ఒకసారి పండరీ బట్టల బజారు నుంచి ఒక సేఠ్‌జీని తమ్ముళ్ళు మోసుకొచ్చినంత పని చేసి తీసుకొచ్చారు. "లక్వా మార్ గయా మేడమ్" అని, పక్షవాతం వచ్చేసిందని ఆయన గొల్లున ఏడుపు. కుడి పాదం పైకి లేవడం లేదు. మేడం ముఖం చూశారు, చేతులు పట్టి చూశారు, సుత్తితో మోకాళ్ళ మీద కొట్టి చూశారు. తర్వాత నడవమన్నారు. పాదం వేలాడిపోతోందని ఆయన మోకాలు ఎత్తెత్తి వేస్తున్నాడు, అడుగు పడ్డప్పుడల్లా నేల మీద టప్పున చప్పుడు. మేడం కళ్ళు ఎలా మెరిశాయనుకున్నారు! "సేఠ్‌జీ, దుకాన్ మే కైసే బైఠ్‌తే హో?" అని, కొట్లో ఎలా కూర్చుంటారో అడిగారు. పెళ్ళిళ్ళ సీజనట. పొద్దున గద్దీ పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే మళ్ళీ కొట్టు మూసేటప్పుడే లేవడమట. పైగా షుగరుకు భయపడి తిండి తగ్గించి చిక్కిపోయాడు.

"చూశారా!" అని మేడం ఆయన మోకాలి కింద, బయటివైపు ఎముక తలను వేలితో చూపించారు. పాదాన్ని పైకెత్తే నరం అక్కడ ఎముకను చుట్టుకుని, చర్మం కిందే పోతుంది. కాలు మీద కాలు మడిచి రోజంతా కూర్చుంటే అది నలుగుతుంది. దాన్ని కాపాడే కాస్త కొవ్వూ కరిగిపోతే ఇంకా నలుగుతుంది. మెదడుకు ఏమీ కాలేదు. నరం తెగలేదు, దాని పైతొడుగు మాత్రం దెబ్బతింది. ఒత్తిడి తీసేస్తే తొడుగు మళ్ళీ పట్టుకుంటుంది. "గద్దీ ఛోడో, కుర్సీ పకడో" అని ఆయన్ని పరుపు వదిలి కుర్చీ ఎక్కమన్నారు. "కుర్సీ పే బైఠ్‌కే కపడా కౌన్ దిఖాతా హై మేడమ్!" అని, కుర్చీలో కూర్చుని బట్టలెవరు చూపిస్తారని ఆయన లబలబలాడాడు. అయినా విన్నాడు. కొన్ని వారాలకు అదే వరండాలో టకటకా నడిచి వచ్చి మా అందరికీ కోవా పేడాలు పంచాడు.

ఆ రోజే మూడో ప్రశ్న మీద పెద్ద చర్చ జరిగింది. నరం నిజంగా తెగితేనో, మెదడులోనే దారి మూసుకుపోతేనో ఏం చేస్తామని అడిగారు. నేను గబుక్కున, "మెయిన్ లైన్ బంద్ అయితే బండిని లూప్ లైన్‌లో తీసుకెళ్ళడమే మేడం" అన్నాను. మా నాన్న స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్, ఇంట్లో రోజూ వినే మాటే. మేడం బల్ల చరిచారు. "అదీ! రేపటి నుంచి మీ నాన్నని క్లాసుకు పంపవే, నువ్వింట్లో ఉండి వంట చెయ్యి" అన్నారు. ఆ తిట్టు నాకు మెడల్ కంటే ఎక్కువ.

నేను పాసై అక్కడే జూనియర్ టీచరుగా చేరిన తర్వాత ఒకరోజు ఆవిడ క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నాను. "మేడమ్, కుఛ్ దిఖ్ నహీఁ రహా" అని, ఏమీ కనబడటం లేదని వెనక నుంచి అబ్బాయిలు గోల పెట్టారు. మేడం రెండడుగులు వెనక్కు వేసి బోర్డు చూశారు. వరస మొదట్లో పెద్దగా ఉన్న అక్షరాలు పోను పోను చిన్నవై చివరకు చీమల్లా అయిపోయాయి. తర్వాత తన కుడిచేతిని చూసుకున్నారు. క్లాసు వైపు తిరిగి, "చలో, బతావో. ఎక్కడ చెడింది?" అన్నారు.

క్లాసయ్యాక వరండాలో నా చెయ్యి పట్టుకున్నారు. "రొయ్యలు మాడిపోతున్నా వాసన తెలీక మొన్న అక్కని తిట్టానే. పొయ్యి మీద పెట్టింది నేనే. వాసన పోయి ఎన్నాళ్ళయిందో! నడుస్తుంటే కుడిచెయ్యి ఊగడం కూడా లేదు. పార్కిన్సన్స్‌ అయ్యుంటుంది" అన్నారు. "భయంగానే ఉందే. కానీ చూడు, పుస్తకంలో చెప్పిన వరసలోనే ఎంత చక్కగా వచ్చిందో!" నేను బావురుమన్నాను. ఆవిడ నవ్వుతున్నారు, కళ్ళల్లో నీళ్ళూ ఉన్నాయి. డాక్టరు కూడా అదే చెప్పాడు.

మెదడు అడుగున నల్లటి కణాల గుంపు ఒకటుంటుంది. నడక మన ప్రమేయం లేకుండా దానంతటది సాగడానికి కావలసిన రసాయనం అక్కడ తయారవుతుంది. ఆ కణాలు చచ్చిపోతూ వస్తే కాళ్ళలో బలం ఉన్నా కదలమనే హుకుం సరిగ్గా అందదు. కొన్నేళ్ళకు మందులు వేసుకుంటున్నా మేడం గుమ్మాల దగ్గర ఆగిపోసాగారు. దేవేంద్ర నగర్‌లో వాళ్ళింటి వంటగది గుమ్మం ముందు పాదాలు నేలకు అంటుకుపోయినట్టు నిలబడిపోయేవారు.

విచిత్రమేమిటంటే, ఆదివారం తెలుగు చర్చిలో మాత్రం గుమ్మం దాటి బలిపీఠం దాకా చక్కగా నడిచేవారు! సంఘమంతా "స్తోత్రం, స్తోత్రం" అనేది. మేడం నా చెవిలో, "ప్రభువుకు స్తోత్రం, ఈ గచ్చు వేసిన మేస్త్రీకి కూడా స్తోత్రం" అన్నారు. అప్పుడు చూశాను. అక్కడి గచ్చు నల్ల పలక, తెల్ల పలక, నల్ల పలక. కంటికి గీత కనబడితే కాలు దాన్ని దాటాలనుకుంటుంది. ఆ హుకుం కంటి దారిన వస్తుంది, పాడైన దారిన కాదు. "మీ నాన్న లూప్ లైనే" అన్నారు. మర్నాడే నేను పండరీ నుంచి రంగుల పట్టీలు తెచ్చి వాళ్ళింట్లో గుమ్మాల ముందు అడ్డంగా అంటించాను.

కార్తీకంలో ఆ చర్చిలో కోత పండుగ. ఎవరి పెరట్లో పండింది వాళ్ళు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. మేడం ప్రతి ఏడూ తన పాదు సొరకాయ తెచ్చేవారు. ఆ ఏడు వాళ్ళక్క చక్రాల కుర్చీ కొని తెచ్చింది. ఇద్దరికీ వాదన జరిగింది. "పండుగ రోజు నా కాళ్ళతో బలిపీఠం దాకా వెళ్ళలేకపోతే ఆ కుర్చీలో కూర్చుంటా. మళ్ళీ లెమ్మని అడగను" అన్నారు మేడం. ఆవిడ మాటంటే మాటే. పండుగకు మా అమ్మను కూడా తీసుకెళ్ళాను. కార్తీక ఏకాదశికి తులసి పూజలో చెరకు పెడతారని రాయ్‌పూర్ బజారంతా చెరకే కదా, "మన పూజకు కొన్నవే, ఆ దేవుడికీ పెడదాం" అని అమ్మ ఒక మోపు మోసుకొచ్చింది.

చర్చి గుమ్మంలో సంఘపెద్ద ఎదురొచ్చారు. రైల్వేలో గార్డుగా రిటైరైన మనిషి. "చూడమ్మా, మేడమ్ గారు జారిపడకుండా కొత్త తివాచీ పరిపించాం" అన్నారు మురిసిపోతూ. గుమ్మం నుంచి బలిపీఠం దాకా ఒకటే ఎరుపు! ఒక్క గీత లేదు, ఒక్క పలక కనబడటం లేదు. ఎంత ప్రేమగా చేశారో అంత కొంప ముంచారు.

మేడం సొరకాయను చంటిపిల్లలా చంకనేసుకుని గుమ్మంలోకి వచ్చారు. ఆగిపోయారు. పాదాలు వణుకుతున్నాయి, ముందుకు పడటం లేదు. సంఘం పాట పాడుతోంది, అందరి తలలూ ఇటే తిరిగాయి. వెనక నుంచి అక్క కుర్చీ తోసుకొస్తోంది. చెయ్యి అందించబోయాను. మేడం తల అడ్డంగా ఊపి, "ఏమే, ఇంకే దారి మిగిలింది?" అన్నారు.

పరీక్ష! ఆ గుమ్మంలో నాకు పరీక్ష పెట్టారు! తివాచీ చుట్టేద్దామంటే అంచుల మీదంతా గుమ్మడికాయలు, బియ్యం బస్తాలు. అటూ ఇటూ చూసి అమ్మ చేతిలో మోపు లాక్కున్నాను. ఒక్కో గడా తీసి తివాచీ మీద అడ్డంగా, మేడం అడుగంత ఎడంలో పరుస్తూ పోయాను. "ఏటే, దేవుడికని తెచ్చినవి నేల మీద ఎయ్యడమేటి!" అని అమ్మ. "కొత్త తివాచీ అమ్మా, కొత్తది!" అని సంఘపెద్ద. నాకెవరి మాటా చెవికెక్కలేదు.

మేడం మొదటి గడ వైపు చూశారు. కాలు లేచింది. దాటింది! రెండోది. మూడోది. పాట పాడేవాళ్ళు ఆపేసి ఆవిడ అడుగుకు సరిగ్గా చప్పట్లు కొట్టారు. మధ్యలో నా గడలు అయిపోయాయి. అప్పుడు సంఘపెద్దే పరుగున వెళ్ళి, బలిపీఠం పక్కన నిలబెట్టిన చెరకు పీకి తెచ్చి మోకాళ్ళ మీద కూర్చుని మిగిలిన దారంతా పరిచారు. మేడం సొరకాయ దించి ఆయాసపడుతూ, "పాసయ్యావే" అన్నారు. అక్క ఏడుస్తూ కుర్చీలో తనే కూలబడింది. ఆ తర్వాత చాలాకాలం ఆ కుర్చీలో వాళ్ళింట్లో ఉతికిన బట్టలు పెట్టుకున్నారు.

పోయిన ఏడు అంతా మంచం మీదే. నేను వెళ్ళినప్పుడల్లా కొత్త పేషెంట్ల కథలు అడిగేవారు. గొంతు బాగా సన్నబడింది. అయినా కథ రసకందాయంలో పడితే కళ్ళు మళ్ళీ వరండాలోలాగే మెరిసేవి.

శవపేటిక రాకముందే నేను చర్చికి చేరాను. ఎవరూ లేరనుకున్నాను. లోపల సంఘపెద్ద ఒక్కరే మోకాళ్ళ మీద ఒంగి, బలిపీఠం వైపు నుంచి ఆ ఎర్ర తివాచీని చుట్టుకుంటూ గుమ్మం దాకా వచ్చారు. ఆయనకూ వయసు మీదపడింది, రొప్పుతున్నారు. ఎందుకండీ మీకీ శ్రమ అన్నాను.

"మేడమ్ గారొస్తున్నారు కదమ్మా. గీతలు కనబడాలి" అన్నారు.

బకెట్‌లో గుడ్డ ముంచి గచ్చు తుడవడం మొదలుపెట్టారు. నేను రెండో గుడ్డ అందుకున్నాను. గుమ్మం నుంచి బలిపీఠం దాకా పలకలు తడితడిగా బయటపడుతున్నాయి. నల్లది, తెల్లది, నల్లది, తెల్లది.