గుడ్డలంగడి రైతు

మా నాటకంలో రైతు వేషానికి పుంగనూరు గుడ్డలంగడాయన్ని ఎంచుకున్నది నేనే. ఇరవై ఏళ్లుగా మా బృందంలో ఆయన దళారి, పోస్టుమ్యాన్, పంతులు లాంటి చిన్న వేషాలే వేశాడు. వచ్చి నవ్వించి వెళ్లిపోయేవాడు. ఒక్కసారైనా కథంతా మోసే మనిషిగా స్టేజీ మీద నిలబడాలని ఉందని అడిగాడు. సరేనన్నాను. మదనపల్లెలో ముప్పై ఏళ్లు పిల్లలకు తెలుగు చెప్పినదాన్ని, నాటకాలు రాసినదాన్ని. ఎవరిచేతనైనా నా మాట పలికించగలనని నా నమ్మకం. అది ఇప్పటికీ ఉంది.

నాటకం కుప్పం పక్క పల్లెల కథ. ఏనుగులు రాగి చేను తొక్కేసి పోతాయి, తెల్లారి రైతు చేలోకి వస్తాడు. అక్కడ ఆయన కోసం రెండు పేజీల దుఃఖం రాశాను. ఏనుగును తిట్టడం, ఆకాశాన్ని నిలదీయడం, మట్టి పిడికిట పట్టుకుని ఏడవడం. రాసిన రోజు నాకు నేనే ముచ్చటపడి ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాను. వాళ్లు పాపం ఓపిగ్గా విన్నారు.

ఆదివారాలు మదనపల్లెలో రిహార్సల్. మొదటి వారమే గుట్టు రట్టయింది. ఆయన బాగానే ఏడ్చాడు. కానీ ఏడుస్తూనే భుజం మీది తువ్వాలు తీసి, అంచుకు అంచు కలిపి, నాలుగు మడతలు పెట్టి పక్కన ఉంచాడు. అందరూ గొల్లుమన్నారు. చేను పోయిన రైతు తువ్వాలు మడత పెడతాడా అని గదమాయించాను. నాలుక కరుచుకున్నాడు. మళ్లీ మొదలుపెట్టాం, మళ్లీ మడతే. తువ్వాలు లాగేసి చేతికి కర్ర ఇచ్చాను. దాన్ని గుడ్డ కొలిచే మీటరు కడ్డీలా పట్టుకున్నాడు.

మూడో వారానికి నా ఓపిక అయిపోయింది. కుప్పంలో ప్రదర్శన దగ్గరపడుతోంది. చూడబోయేవాళ్లు ఆ కష్టం పడ్డ రైతులే, వాళ్ల ముందు నవ్వులపాలు కాలేం. ఈ వేషానికి వాల్మీకిపురం నటుణ్ణి ఒకతన్ని అనుకుంటున్నానని మొహం మీదే చెప్పేశాను. ఆయన వాదించలేదు. ఒక్క వారం గడువిచ్చి, నిజం రైతును ఒకసారి చూపించమన్నాడు. ఆ అడిగిన తీరుకు నామీద నాకే కోపం వచ్చింది.

రామకుప్పం దగ్గర పల్లెలో నా పాత విద్యార్థిని ఒకామె మామగారు ఉన్నారు. ఆ వారమే ఆయన చేలో ఏనుగులు పడ్డాయి. ఇద్దరం పలమనేరు మీదుగా బస్సులో వెళ్లాం. చేనంతా నేలకు పరుచుకుపోయి ఉంది. పెద్దాయన మాత్రం కొడవలి పట్టుకుని, పడిపోయిన రాగి మధ్య కూర్చుని తన పని తాను చేసుకుంటున్నాడు. ఏనుగును పల్లెత్తు మాట అనలేదు. అక్కడ ఏనుగంటే సామే. సామి ఈ దోవన పోయినాడు అని మాత్రం చెప్పాడు. నేను ఊరుకోకుండా, చేను చూసినప్పుడు ఏడుపు రాలేదా అని అడిగేశాను.

“ఏడిస్తే కంకి లేస్తాదా అమ్మా? ముందు గింజ యాడ మిగిలుండాదో సూసుకోవాల” అన్నాడు.

ఒక్కో కంకినీ ఎత్తి, బొటనవేలితో రుద్ది, గింజ ఉంటే కోసి గంపలో వేస్తున్నాడు. లేకుంటే పశువులకని పక్కన పెడుతున్నాడు. గుడ్డలంగడాయన చెప్పులు విడిచి ఎదురుగా కూర్చుని తనూ ఒక కంకిని వేళ్ల మధ్య నలిపాడు. మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. ఒకసారి అంగడి కప్పు కారి పండక్కి తెచ్చిన సరుకంతా తడిసిపోయిందట. తానులు ఒక్కొక్కటే విప్పుతూ, ఏ మడతలో గుడ్డ బాగుందో వేళ్లతో తడుముతూ మధ్యాహ్నం దాకా కూర్చున్నాడట. ఏడవడానికి తీరికే లేకపోయిందట. పెద్దాయన తలూపి గంపను ఇద్దరికీ మధ్యకు జరిపాడు. పొద్దు వాలేదాకా ఇద్దరూ కంకులు ఏరారు.

తిరుగు బస్సులో ఆ రెండు పేజీలు తీసేయమని ఆయన అడగలేదు, తీసేస్తానని నేనూ అనలేదు. రాసేవాళ్లం, అంత తేలిగ్గా వదులుతామా. వేషం మాత్రం నీదేనన్నాను, కుప్పంలో తడబడితే మళ్లీ పెద్ద వేషం అడగొద్దన్నాను.

కుప్పంలో సాయంత్రం ప్రదర్శన. పెద్దాయన తన ఊరివాళ్లతో ముందు వరసలో కూర్చున్నాడు. స్టేజీ మీద పరిచిన ఎండు రాగి మధ్యకు మావాడు వచ్చి నిలబడ్డాడు. నోరు విప్పలేదు. నేను తెర పక్కనుంచి మొదటి మాట అందించబోయాను. ఆయన కూర్చున్నాడు. ఒక కంకి ఎత్తి వేళ్లతో తడిమి కుడిపక్క పెట్టాడు. ఇంకోటి తడిమాడు, ఉత్తది, ఎడమపక్క పడేశాడు. మరోటి, అదీ ఎడమపక్కకే. ఆ చేతులు అచ్చంగా అంగట్లోవే. మనిషి మాత్రం రైతే, నాకు ఆవగింజంత సందేహం లేదు. నోరు మూసుకున్నాను.

తర్వాతవన్నీ ఎడమపక్కకే పోయాయి. ఆయన చేతులు ఆగిపోయాయి. అప్పుడు ముందు వరసలోంచి పెద్దాయన, పొలంలో పక్కవాడితో అన్నట్టే అన్నాడు.

“గట్టు పక్క సూడప్పా. ఆడ సామి తొక్కలే.”

ఆయన వేలు చూపిన చోట స్టేజీ మీద ఉత్త చెక్కలే ఉన్నాయి. మావాడు లేచి అక్కడికి నడిచాడు. వంగి, లేని కంకిని ఎత్తి, బొటనవేలితో రుద్దాడు.

“ఉండాదన్నా” అన్నాడు.

ఆ పూట అక్కడ ఏడ్చింది నేనొక్కదాన్నే.