చెప్పినాక యాడికి పోయినాడు?

మా సైన్సు టీచరమ్మ పోయింది. కదిరిలో నేను పనిచేసే రక్తపరీక్షల ల్యాబులో ఒక పెద్దాయన చేతికి రబ్బరు పట్టీ కడుతుంటే ఫోను మోగింది. మా ఊరి నుంచి, నాతో చదువుకున్న స్నేహితురాలు. "టీచరమ్మ తెల్లారేసరికి లేదు మే. నిద్దట్లోనే పోయింది. బయల్దేరి రా," అని పెట్టేసింది. పెద్దాయన చెయ్యి చాపుకునే ఉన్నాడు. "ఏం తీస్తాండావు పాపా? ఎందుకు తీస్తాండావు?" అని అడిగాడు. రోజూ ఎంతమంది అడుగుతారో ఆ మాట. ఆయనకు చెప్పాల్సింది చెప్పి, రక్తం తీసి, చీటీ రాసి, బస్సెక్కాను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా సూది గుచ్చకూడదని నాకు నేర్పింది టీచరమ్మే.

బస్సులో ఏడుపు రాలేదు. నల్లమాడ దారిలో ఆ ఏడు కూడా శెనక్కాయ చేలు ఎండి గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి. కిటికీ పక్కన కూర్చుని ఆ చేలు చూస్తూ ఆమె మొదటిసారి మా బడికి వచ్చిన రోజు గుర్తు చేసుకున్నాను.

తొంభైల చివర్లో వచ్చింది. బెళుగుప్ప వైపు మనిషి, అదీ కరువు నేలే. ఒంటరిది. ఎందుకు ఒంటరిగా ఉందో మేము అడగలేదు, ఆమె చెప్పలేదు. మా బడి ల్యాబు అంటే ఒక చెక్క బీరువా, అందులో పగలని వస్తువు ఒక్కటీ లేదు. ఆమె ఆ బీరువా తెరిచి చూసి, మూసేసింది. ఆ వారమే కదిరిలో పాత పేపర్ల అంగడికి పోయి, తూకానికి అమ్మే పత్రికలు ఒక మూట కట్టించుకుని వచ్చింది. అందులోంచి ఒక కథ చింపేది. అదే విషయం మీద ఒక వ్యాసం ఇంకో పత్రికలోంచి చింపేది. రెండింటినీ కలిపి దబ్బనంతో, గోనెపురితో కుట్టేది. శనివారం మధ్యాహ్నం ఆ కుట్టిన కాగితాలు చదవడమే మా సైన్సు ల్యాబు.

ఎందుకు కుడతావని ఒకసారి అడిగాం. "కథలో మనుషులుంటారు, పని ఎట్ల చేసినారో ఉండదు. వ్యాసంలో పని ఎట్ల చేసినారో ఉంటాది, మనుషులుండరు. రెండూ కలిపి కుడితేనే బొంత. లేకుంటే ఉత్త పేలికలు," అనింది. మా ఇళ్ళల్లో అందరూ బొంత కప్పుకునే పడుకుంటారు కాబట్టి మాకు వెంటనే అర్థమైంది.

మొదట చదివింది మేఘాల కథ. ఒక శాస్త్రవేత్త యంత్రం ఒకటి చేసి, పోయే మేఘాలను తన ఊరి మీదికి లాక్కుంటాడు. చెరువు నిండుతుంది, ఊరంతా ఆయనకు దండలు వేస్తుంది. ఇంకొక్క పేజీ ఉందనగా ఆమె ఆపేసింది. ఎప్పుడూ అంతే, ముగింపు చదివేది కాదు. ఆ తర్వాత వ్యాసం చదివించింది. విమానంలోంచి మబ్బుల మీద ఉప్పుపొడి చల్లి వాన కురిపించే పద్ధతి గురించి. చదవడం అయ్యాక కాగితాలు మూసి, చేతులు కట్టుకుని, మా ముఖాలు చూస్తూ అడిగింది.

"ఎవురినడిగి చేసినాడు?"

"వాళ్ళ ఊరోళ్ళని," అన్నాం.

"అవతలి ఊరోళ్ళని అడిగినాడా?"

వెనక బెంచీ నుంచి ఒకడు లేచాడు. "అడిగితే ఇయ్యరు గదా టీచరమ్మా."

ఆమె నవ్వింది. "అందుకే గదప్పా అడగాల్సింది." తర్వాత రెండో ప్రశ్న: "ఎవురికి చెప్పినాడు?"

ఏ కథైనా, ఏ వ్యాసమైనా, ఆ రెండు ప్రశ్నలే. అనాథ పిల్లల మీద కొత్త మందు పరీక్షించిన డాక్టరు కథకూ అవే. బంగారంలాంటి పంటనిచ్చి మళ్ళీ మొలకెత్తని విత్తనం కథకూ అవే. హెడ్మాస్టరు గుమ్మంలో నిలబడి, "పరీక్షలో వచ్చేది చెప్పమ్మా," అని విసుక్కునేవాడు. మాకు మాత్రం ఆ ప్రశ్నలు జలుబులాగా అంటుకున్నాయి. మా నాయన చేలో పురుగుమందు కొడుతుంటే పోయి, "ఎవురినడిగి కొడ్తాండావు నాయనా?" అన్నాను. "అంగడాయన్ని అడిగినా." "ఎవురికి చెప్పినావు?" "నీకిప్పుడు చెప్తాండా గదా, పక్కకు జరుగు. కండ్లల్లో పడుతుంది," అన్నాడు.

ఇక పళ్ళ సంగతి చెప్పాలి. మా ఊరి పిల్లలను ఎక్కడ చూసినా పళ్ళు చూసి గుర్తుపట్టేవాళ్ళు. గోధుమరంగు చారలు, గుంటలు. నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మాకు నడకతోపాటు వచ్చిన అలవాటు. పెద్దవాళ్ళకు నడుములు వంగిపోయేవి. వయసు అనుకునేవాళ్ళు, ఎండల్లో కష్టం అనుకునేవాళ్ళు. ఒకరోజు పట్నం నుంచి జీపులో కొందరు పరిశోధకులు వచ్చి మమ్మల్ని వరసగా నిలబెట్టి, నోళ్ళు తెరిపించి ఫోటోలు తీస్తామన్నారు. టీచరమ్మ వరస ముందుకు వచ్చి నిలబడింది. "ఎవురినడిగినారు సార్?" అంది. హెడ్మాస్టరు ఒప్పుకున్నాడన్నారు. "నోళ్ళు ఆయనవి కావు గదా. పిల్లోళ్ళని అడగండి. మీకు తెలిసింది వాళ్ళకి చెప్తామంటేనే తీసుకోండి." వాళ్ళు మర్యాదస్తులే, మమ్మల్ని అడిగారు, తప్పకుండా చెప్తామన్నారు. నేను నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి తీసి పళ్ళు చూపించాను. బోరింగు నీళ్ళు సీసాల్లో పట్టుకుని వెళ్ళిపోయారు.

ఆ తర్వాత కబురు లేదు. ఆమె ఎదురుచూసి ఎదురుచూసి, చివరికి తనే బస్సెక్కి వాళ్ళ ఆఫీసుకు పోయింది. చాలాసేపు బెంచీ మీద కూర్చోబెట్టి, ఎవరో ఒకాయన నడవాలో నిలబడే చెప్పాడట: మా ఊరి బోరింగులో ఫ్లోరైడు ఎక్కువ, ఆ నీళ్ళు తాగకూడదు, పళ్ళకూ ఎముకలకూ ఆ నీళ్ళే కారణం.

మా ఊళ్ళో నీళ్ళున్న బోరింగు అదొక్కటే. మిగతావన్నీ ఎండిపోయాయి. హెడ్మాస్టరు, సర్పంచి ఇద్దరూ ఆమెను కూర్చోబెట్టి మాట్లాడారని తర్వాత ఆమే నాతో చెప్పింది. సర్పంచి చెడ్డవాడు కాదు. "నువ్వు చెప్పేది నిజమే అనుకో టీచరమ్మా. చెప్తే ఏం తాగల్ల? నీళ్ళు ఇయ్యలేనప్పుడు భయమెందుకు ఇయ్యల్ల?" అన్నాడట. ఆ వారమంతా ఆమె క్లాసులో బోర్డు వైపు తిరిగే పాఠం చెప్పింది.

శనివారం కుట్టిన కాగితాలు తేలేదు. ఉత్త చేతులతో వచ్చి కుర్చీలో కూర్చుని, కథ ఒకటి చెప్తాను వినండి అంది. ఒక ఊళ్ళో ఒక మనిషికి ఒక సంగతి తెలిసిందట. చెప్తే ఊరు భయపడుతుంది, చెప్పకపోతే ఊరు వంగిపోతుంది. అక్కడ ఆపేసింది. ఎప్పట్లా చేతులు కట్టుకోలేదు, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఉంది. చివరికి నేనే లేచాను.

"అది మన బోరింగే గదా టీచరమ్మా?"

"ఔను పాపా," అంది.

ఇళ్ళకు పోయి చెప్పాం. పొద్దుగూకేలోపు ఊరంతా పాకింది. అప్పుడు అందరూ కలిసి మా ఊరివాళ్ళు మాత్రమే చేయగల పని ఒకటి చేశారు. నీళ్ళు మంచివి కావంటే ఏం చేయాలో వాళ్ళకు బాగా తెలుసు, కాగబెట్టి తాగాలి. వాంతులు విరేచనాలు వచ్చిన ఏడు ఇంటింటికీ తిరిగి అది నేర్పింది టీచరమ్మే. ఆదివారం తెల్లవారేసరికి ప్రతి ఇంటి ముందూ పొయ్యి. కట్టెలు లేని కరువులో శెనక్కాయ కట్టె, పశువుల మేత, అది కూడా పొయ్యిలో పెట్టారు. మా అవ్వ కడవ నీళ్ళు సగమయ్యేదాకా మరిగించి, చల్లార్చి, గుడ్డతో వడకట్టి, నాకు గ్లాసుతో ఇచ్చింది. "తాగు. ఇంగేం భయం లేదు."

టీచరమ్మ పొగ చూసి పరిగెత్తుకుంటూ వచ్చింది. ఇల్లిల్లూ తిరిగింది. కాగబెడితే నీళ్ళు ఆవిరైపోతాయి గానీ ఫ్లోరైడు కుండలోనే ఉండి ఇంకా చిక్కబడుతుందని చెప్పుకుంటూ, పొయ్యిలోంచి కట్టెలు వెనక్కు లాగుతూ. మా ఇంటికి వచ్చేసరికి గొంతు పోయింది. మా అవ్వ గ్లాసు కిందపెట్టి, నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"ఏమమ్మా, అప్పుడు కాంచమంటివి, ఇప్పుడు వద్దంటివి. నీ సైన్సుకు ఎన్ని నాలుకలు?"

టీచరమ్మ మా గడప మీద కూలబడింది. "తప్పు నాదేనవ్వా. సగం చెప్పి ఇంటికి పోయి పండుకున్నా," అంది.

ఆ తర్వాత శనివారాల్లో మూడో ప్రశ్న వచ్చి చేరింది. ఎవురినడిగినాడు, ఎవురికి చెప్పినాడు, చెప్పినాక యాడికి పోయినాడు. చాలా కథలు ఆ మూడో ప్రశ్న దగ్గరే బోల్తా పడేవి. కథల్లో నిజం చెప్పినవాడు చప్పట్లతోనో కన్నీళ్ళతోనో వెళ్ళిపోతాడు. వ్యాసాల్లో అయితే చివర అసలు మనిషే ఉండడు.

మరుసటి ఏడు ఆమెకు హిందూపురానికి బదిలీ వచ్చింది. ఎవరెవరినో పట్టుకుని మాన్పించుకుంది. అప్పటికి ఊళ్ళో ఆమెను మెచ్చుకునేవాళ్ళు లేరు. ఊరి పేరు చెడగొట్టిందన్నారు, ఈ ఊరికి పిల్లనెవరిస్తారన్నారు. ట్యాంకరు కోసం ఆమె మండలాఫీసు చుట్టూ తిరిగితే, ట్యాంకరు వచ్చిన రోజు నీళ్ళు పట్టుకునే తొక్కిసలాటలో ఆమెనే తోసేశారు. ఆమె ఒక ఎర్ర రంగు డబ్బా, కుంచె కొనుక్కొచ్చి బోరింగుకు పూసింది. ఎరుపంటే తాగొద్దు, స్నానానికీ బట్టలకీ వాడుకోండి. కానీ రెండు నెలలకే పిడి మీద రంగు అరిగిపోయి ఇనుము తేలేది. ట్యాంకరు రాని రోజుల్లో జనం కొట్టుకుని తాగేది ఆ నీళ్ళే. అరిగినప్పుడల్లా ఆమె మళ్ళీ పూసేది. కొళాయిలు వచ్చాక కూడా ఎండాకాలం అవి వట్టిపోయేవి, మళ్ళీ అందరూ బోరింగు దగ్గరికే. రిటైరైపోయినా ఆమె బెళుగుప్పకు పోలేదు. మా ఊళ్ళోనే, బోరింగు ఎదురింట్లో ఉండిపోయింది.

పోయిన ఎండాకాలం చూడ్డానికి పోయాను. మోకాళ్ళు ముడుచుకోలేక మంచం మీద కాళ్ళు చాపుకుని, ఒళ్ళో కాగితాలు పెట్టుకుని కుడుతూ ఉంది. చదివే పిల్లలెవరూ లేరు, అయినా కుడుతోంది.

"అలిసిపోయినా పాపా," అంది. "మంచి చేసినానో చెడ్డ చేసినానో ఇప్పటికీ తెలీదు. సర్పంచి అనింది నిజమే. భయమిచ్చినా గానీ, నీళ్ళు ఇయ్యలేకపోతిని."

"అయితే చెప్పకుండా ఉండాల్సిందా?"

ఆమె దబ్బనం గుచ్చి, దారం లాగి, ముడి వేసింది. "లేదు లే. చెప్పాల్సిందే. చెప్పినాక వచ్చే అలుపు మాత్రం చెప్పినోళ్ళదే. అది ఎవురికీ ఇయ్యకూడదు." తర్వాత నా వైపు చూసి, "నువ్వు ల్యాబులో చెప్తాండావా అందరికీ?" అని అడిగింది. చెప్తున్నానన్నాను. "విసుగు రాదా?" వస్తుందన్నాను. "వస్తాది," అంది, తనకు తెలిసిన మనిషి పేరు విన్నట్టు.

ఆమెకు మేం తిరిగి ఇచ్చింది చాలా తక్కువ. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆ రోజు నేను బస్సు దిగేసరికి ఆమెను ఇంటి ముందు మంచం మీద పడుకోబెట్టి ఉన్నారు. కిటికీ గూట్లో మూత పెట్టని రంగు డబ్బా, దాని మీద కుంచె. ముందురోజు సాయంత్రం కర్ర పట్టుకుని పోయి బోరింగుకు రంగు పూసి వచ్చి పడుకుందట. పాత డబ్బాలో చిక్కబడిన రంగు, తొందరగా ఆరదు. ఆమెకు స్నానం చేయించడానికి ఆడవాళ్ళు బిందెలతో బోరింగు దగ్గరికి పోయారు. తోసేసినవాళ్ళు, తిట్టినవాళ్ళు, కట్టెలు దండగైపోయాయని ఏడ్చినవాళ్ళు, అందరూ ఉన్నారు. ఒకరి తర్వాత ఒకరు కొట్టారు. నేనూ ఒక బిందె కొట్టాను. చేతికి అంటుకుంది.

మా వైపు ఆడవాళ్ళూ మట్టికి పోతారు. గుంతలో పిడికెడు మన్ను వేసేటప్పుడు చూశాను, అందరి అరచేతులూ ఎర్రగానే ఉన్నాయి. వెనక్కు వచ్చి, ఇళ్ళకు పోయేముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవాలి కదా, అందరం బోరింగు చుట్టూ నిలబడ్డాం. మా అవ్వ వంగిన నడుముతోనే ముందుకు వచ్చి, నా కోసం పిడి పట్టుకుని కొట్టింది. నేను చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, అవ్వ కడుక్కోవడానికని పిడి అందుకున్నాను. మళ్ళీ అంటుకుంది. నా తర్వాత ఎవరు కడుక్కుని ఎవరికి కొట్టినా అంతే.

"ఇది ఇప్పుడే పోయేది కాదులే," అని అవ్వ తడి చేతులు అట్లాగే పట్టుకుని ఇంటి దారి పట్టింది.