మత్తుకు ముందు అడిగే ప్రశ్న

“సిస్టరమ్మా, మళ్ళీ లేస్తుంది గదా?”

ఆ మాట అడిగింది నేనే. 1961లో, నెల్లూరులో ఒక చిన్న ఆసుపత్రిలో, ఆపరేషను గది బయట. అయిదేళ్ళ మా అమ్మాయి పెంచలకు టాన్సిల్సు తీయాలి. మత్తు ఇచ్చే నర్సు ఎలిశబెతుది ముత్తుకూరు. ఇరవయ్యేళ్ళుగా ఈథరు మత్తు పట్టి పట్టి ఆమె చీరలకు ఆ వాసన వదిలేది కాదు. బస్సులో పక్కన ఎవరూ కూర్చోరు కాబట్టి కాళ్ళు చాపుకోవచ్చని నవ్వేది.

నేను కావలి హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఈథరు పీల్పిస్తే బిడ్డ పది నిమిషాలు గింజుకుంటుందని, నరానికి పెంటోథాల్ సూది వేస్తే అరనిమిషంలో నిద్రపోతుందని చదివాను. సూదే వేయమని పట్టుబట్టాను. ఈథరు మెల్లగా ఎక్కినా బిడ్డ ఊపిరి తనే తీసుకుంటుందని, సూదితో ఊపిరి ఆగితే గొంతులోకి గొట్టం వెంటనే దిగాలని ఆమె వివరించింది. డాక్టరుగారు సూదికే ఒప్పుకున్నారు.

అప్పుడామె పెంచల ముందు గొంతుక్కూర్చుంది. “ఏమన్నా తిన్నావా తల్లీ?”

పెంచల నా ముఖం చూసింది. ఆపరేషనుకు ముందు ఏదన్నా నోట్లో పెట్టుకుంటే తోలు తీస్తానని ముందురోజే బెదిరించి ఉన్నాను.

“తిన్లా,” అంది.

ఒట్టి కడుపుతో బిడ్డను గడప దాటించకూడదని మా అమ్మ, నాకు తెలియకుండా, బస్సుకు ముందు పెరుగన్నం పెట్టిందట. గొట్టం దిగేలోపే అది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయింది. మూడు రోజులు ఎలిశబెతు ఇంటికి పోలేదు. మూడోనాటి సాయంత్రం పెంచల పోయింది. ఆ కళ్ళు మూసినవి ఎలిశబెతు చేతులే.

ఈథరైతే బతికేదా అని అడిగాను.

“చెప్పలేనయ్యోరా. కడుపులో కూడుంటే రెండూ ప్రమాదమే.” మళ్ళీ తనే అంది: “నాది గూడా తప్పే. మీ ఎదురుగా అడిగినా. ఆ చూపు చూసి గూడా నమ్మినా.”

ఆ తర్వాత ఆమె ఏ బిడ్డనూ పెద్దవాళ్ళ ఎదుట ఆ ప్రశ్న అడగలేదు. పక్కకు తీసుకుపోయి అడిగేది.

మరుసటి ఏడు మాకు కొడుకు రంగనాయకులు పుడితే తీసుకెళ్ళి చూపించాను. ఆమె ముందు వాడి ఊపిరి విన్నది. తర్వాత నాతో ఒకే మాట చెప్పింది.

“ఏదడిగినా ముందు ఒళ్ళో కూర్చోబెట్టుకోండి అయ్యోరా. భయపడే బిడ్డ మన ముఖం చూసి జవాబు చెబుతాది.”

నిన్న రంగడు నా కళ్ళజోడు పగలగొట్టాడు. ముందు ఒళ్ళోకి తీసుకున్నాను. తర్వాతే అడిగాను.